తాతగారి విమానానికి కుట్లు పడ్డాయి

చెల్లీ, చేతిలో పని కాస్త పక్కన పెట్టి కూర్చో. ఈ నెల ముచ్చట కొంచెం పొడుగు. మధ్యలో ఆపెయ్యడానికి నాకు మనసొప్పదు.

మనిళ్లల్లో తాతల నాటివి అంటే భోషాణం, ఇత్తడి గుండిగ, పడక్కుర్చీ. మా ఆడపడుచు మెట్టినింట్లో తాతగారు వదిలివెళ్లింది ఒక విమానం. ఇద్దరు కూర్చుని నిజంగా గాల్లోకి లేచే విమానం. అమెరికాలో, పెన్సిల్వేనియాలో పాడి చేసుకునే రైతు కుటుంబం వాళ్లది. ఈ పిల్ల పైచదువుకని గుంటూరు నుంచి వెళ్లి, ఆ ఇంటి అబ్బాయిని ఇష్టపడి చేసుకుని, ఆ పల్లె మనిషే అయిపోయింది. పెళ్లయిన కొత్తలో ఫోన్ చేసి "వదినా, మా గొడ్ల కొట్టం పక్క షెడ్డులో విమానం ఉంది" అంటే ఇక్కడ మేమెవరం నమ్మలేదు.

అక్కడి పల్లెల్లో అది మరీ వింతేమీ కాదట. పొలం వెనకాల గడ్డి కోసి చదును చేసిన నేల ఓ ముక్క ఉంటే చాలు, ఈ చిన్న విమానం అక్కణ్నుంచే లేస్తుంది, అక్కడే దిగుతుంది. పేరు పైపర్ జె-3 క్యూబ్. లాక్ హేవెన్ అని, పెన్సిల్వేనియాలోనే ఉన్న ఊళ్లో పైపర్ కంపెనీవాళ్లు 1947 దాకా తయారుచేశారు. మొత్తం లెక్క ఇరవై వేలకు దగ్గర. మామూలు జనానికి అమ్మినవాటికి దాదాపు అన్నింటికీ ఒకటే రంగు, ముదురు పసుపు. పక్కన నల్లటి మెరుపు గీత. ఇంజను 65 హార్స్‌పవర్. గంటకు 75 మైళ్లు, అంటే మన లెక్కలో 120 కిలోమీటర్లు పోతుంది. యుద్ధకాలంలో విమానం నడపడం నేర్చుకున్న అమెరికా కుర్రాళ్లలో చాలామంది మొట్టమొదట చెయ్యి పెట్టింది దీనిమీదే. వాళ్లింటిది 1941లో తయారైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తాతగారు దాచుకున్న జీతం డబ్బులతో 1946లో కొనుక్కున్నారు.

ఆ విమానంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఒక తీగ. క్యూబులో పెట్రోలు ఎంతుందో చూపించే మీటరు ఉండదు. ట్యాంకు ముందువైపు, కూర్చునేవాళ్ల ఎదురుగానే ఉంటుంది. దాని మూతకున్న చిల్లులోంచి ఒక తీగ నిలువుగా పైకి వస్తుంది. తీగ అడుగున బెండు. ట్యాంకు నిండుగా ఉంటే బెండు తేలి తీగ పొడుగ్గా కనబడుతుంది, పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ తీగ లోపలికి దిగిపోతుంది. వాళ్ల తీగమీద ఒకచోట ఎర్రటి చుక్క ఉంది. తాతగారి భార్య తన గోళ్ల రంగుతో పెట్టిన చుక్క. అది మూత దాకా దిగిందంటే ఇంక ఎక్కడున్నా ఇంటిదారి పట్టాల్సిందే. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. చుక్క అలాగే ఉంది.

ఇంక జరిగింది చెప్తాను.

క్యూబుకు స్టార్టరు లేదు, బ్యాటరీ లేదు. ప్రొపెల్లర్‌ను చేత్తో లాగి తిప్పితేనే ఇంజను అందుకుంటుంది. ఇది ఒంటిచేత్తో చేసే పని కాదు చెల్లీ. తోకను తాడుతో నేలకు కట్టెయ్యాలి, చక్రాల కింద అడ్డు దుంగలు పెట్టాలి, తెలిసినవాళ్లు ఒకరు లోపల కూర్చుని థ్రాటిల్‌మీద చెయ్యి వేసి ఉండాలి. మంచు కురుస్తున్న రోజుల్లో ఒక పొద్దున మా మేనల్లుడు, ఆ ఆడపడుచు కొడుకు, ఒక్కడే షెడ్డుకు వెళ్లాడు. చలికి ఇంజను పట్టేస్తుందేమో, కాసేపు వేడి చేసి ఆపేద్దామనుకున్నాడు. నిజానికి నేలమీద ఉంచి కాసేపు నడిపి ఆపెయ్యడం ఇంజనుకు మేలు కూడా చెయ్యదట. అంత కొద్దిసేపట్లో నూనె బాగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరైపోదు, అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. వాడికి ఆ సంగతి తెలియదు. తోకకున్న తాడు విప్పి ఉంది. థ్రాటిల్ ఉండాల్సినదానికన్నా ముందుకు ఉంది. ప్రొపెల్లర్ లాగాడు, ఇంజను ఒక్కసారిగా అందుకుంది, విమానం అడ్డు దుంగల్ని దాటేసింది.

వాడు రెక్క కింది కర్రను పట్టుకుని ఆపబోయాడు. ఆపితే ఆగుతుందా? వాడు పట్టుకున్న వైపు నిలబడి, రెండో వైపు తిరిగింది. ఎడమ రెక్క కొస షెడ్డు స్తంభానికి కొట్టుకుంది. ముక్కు పోయి గడ్డి బండికి తగిలి చెక్క ప్రొపెల్లర్ ముక్కలు ముక్కలైంది. అంతటితో ఇంజను ఆగిపోయింది. వాడికి చెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు రెండడుగుల దూరంలో ఉన్నాడు పిల్లాడు! ఫోన్లో ఆ మాట విన్నప్పుడు నా గుండె గుభేలుమంది. విమానం మాట నాకు ఆ తర్వాతెప్పుడో గానీ తోచలేదు.

ఆ ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అదే పెద్ద కష్టమైపోయింది. మా ఆడపడుచు మామగారికి డెబ్బై దాటాయి. తండ్రి వెనక సీట్లో ఉంటే ముందు సీట్లో కూర్చుని ఎగిరిన మనిషి. ఆయన షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి వెళ్లి పడుకున్నారు. భర్త కోపాన్ని పంటి బిగువున అణచుకున్నాడు. పిల్లాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. మా పిల్ల ఈ ముగ్గురి మధ్యా వంటింట్లో నిలబడి నాకు ఫోన్ చేసేది. "వదినా, వాణ్ని నాలుగు తిట్టేసినా బావుండేది. ఎవరూ మాట్లాడకపోతే వాడు ఏమనుకుంటాడు?" అనేది. నిజమే చెల్లీ. ఇంట్లో ఒక వస్తువు పాడైనప్పుడు పెద్దవాళ్లం ఊరుకుంటే గొప్ప ఓర్పు చూపించామనుకుంటాం. పిల్లలకు ఆ ఊరుకోవడం తిట్టుకన్నా బరువు. ముందు "నీకేం కాలేదు కదా" అని, తర్వాత "ఎలా జరిగింది" అని అడగాలి. రెండో ప్రశ్న అడగకుండా వదిలేస్తే మొదటిది అడిగినా లాభం లేదు.

పైగా ఇన్సూరెన్సు. చలికాలంలో ఎగరనప్పుడు ఖర్చెందుకని వాళ్లు పాలసీని తగ్గించుకుని ఉన్నారు. నేలమీద కదలకుండా ఉన్నప్పుడు జరిగిన నష్టానికే డబ్బొస్తుంది. గాలివాన వచ్చినా, షెడ్డు పైకప్పు కూలినా ఇస్తారు. కానీ ఇక్కడ విమానం తన ఇంజను బలంతో తనే కదిలింది. పాలసీ భాషలో అది కదలికే. రూపాయి రాదన్నారు. కాగితం ముందే చదివి ఉంటే, ఇంజను తిప్పే ప్రతి రోజుకూ పూర్తి పాలసీ కావాలని తెలిసేది. ఇలాంటివి ఉన్నవాళ్లెవరైనా ఈ ముచ్చట వింటుంటే, దయచేసి ఆ "కదలిక" అన్న చోట ఏం రాసుందో ఇవాళే తీసి చూసుకోమని చెప్పు. ఇంకో మాట. పాత విమానాలకు ముందే ఒక విలువ ఒప్పుకుని రాయించుకునే పద్ధతి ఉంది. ఇరవై ఏళ్ల కిందట రాయించిన విలువనే ఉంచేసుకుంటే, పూర్తి పాలసీ ఉన్నా చిన్న దెబ్బకే "ఇది బాగుచేయడం దండగ, మొత్తం పోయినట్టే" అని కంపెనీవాళ్లు లెక్క కట్టేసి, మిగిలిన విమానాన్ని తీసుకెళ్లిపోతారు.

వారం తిరక్కముందే విడిభాగాల వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఇంజను, కుడి రెక్క, తోక, చక్రాలు, విడివిడిగా ధర కట్టి ఒక కాగితం ఇచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. అమ్మమ్మ కాసులపేరు తీసుకెళ్తే తాకట్టు కొట్లో తూకమే చూస్తారు, ఏ పెళ్లిలో మెళ్లో వేశారో చూడరు కదా, ఇదీ అంతే. అతని కాగితంలో తీగమీద చుక్కకు ఖరీదు లేదు. మామగారు "ఇచ్చేద్దాం" అన్నారట. ఆయన మాట కాదనడం ఆ ఇంట్లో అలవాటు లేదు. మా ఆడపడుచు మాత్రం అంది, "ఇప్పుడు అమ్మేస్తే, జీవితాంతం మా అబ్బాయి ఇంటి విమానాన్ని పోగొట్టినవాడుగా మిగిలిపోతాడు. బాగయ్యాక అమ్మండి, అప్పుడు నేను అడ్డురాను." ఈ మాట చెప్పినందుకు ఆ పిల్లంటే నాకు ఇంకో పిడికెడు ప్రేమ పెరిగింది.

ఎవరుబడితే వాళ్లు విమానం బాగుచేయడానికి వీల్లేదు. అక్కడి విమానయాన శాఖ, ఎఫ్‌ఏఏ, లైసెన్సు ఇచ్చిన మెకానిక్ ఉండాలి. రెక్క దూలం మార్చడం అంత పెద్ద రిపేరైతే, పరీక్షించి సంతకం పెట్టే అధికారం ఉన్న మెకానిక్ చూడాలి. 337 నంబరు ఫారం నింపి పంపాలి. అయితే అదే చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉంది. లైసెన్సున్న మెకానిక్ దగ్గరుండి చూస్తూ, చెప్తూ ఉంటే, లైసెన్సు లేనివాళ్లు కూడా చేతులు వెయ్యొచ్చు. పక్క కౌంటీలో పాత గుడ్డ విమానాలు చూసే ముసలాయన ఒకరున్నారు. ఆయన వచ్చి, విమానం చుట్టూ తిరిగి, ఒకే ఒక్క షరతు పెట్టారు. బరువు మోసే ప్రతి భాగం గురించీ తను చెప్పిందే మాట. బరువు మోయనివాటి గురించి ఇంటివాళ్ల ఇష్టం. ఇంతకన్నా మంచి ఒప్పందం నేనెక్కడా వినలేదు చెల్లీ. జ్ఞాపకాల వస్తువులు బాగుచేసేటప్పుడు గొడవలన్నీ ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే వస్తాయి.

మొదటి గొడవ ప్రొపెల్లర్ దగ్గరే వచ్చింది. మామగారు ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో పెట్టుకున్నారు. జిగురు పెట్టి అతికిస్తే ఒకసారైనా తిరుగుతుందేమోనని ఆశ. మెకానిక్ కాదన్నారు. తాతగారు చేత్తో తిప్పిన ప్రొపెల్లరే, నిజమే. కానీ ఇంజను ముందు నిమిషానికి రెండువేలకు పైగా చుట్లు తిరిగేది అది. కొత్త చెక్క ప్రొపెల్లర్ తెప్పించారు. పాతది అతికించి షెడ్డు గోడకు తగిలించారు. అతికించింది మామగారే.

ఆ తర్వాత ఇంజను. ఇంజను నడుస్తుండగా ప్రొపెల్లర్ దేనికైనా గట్టిగా తగిలితే ఇంజనంతా విప్పి చూడాలని తయారీదారు, కాంటినెంటల్ కంపెనీ, రాసిపెట్టింది. సొంతానికి ఎగరేసుకునేవాళ్లకు అది చట్టప్రకారం తప్పనిసరి కాకపోవచ్చు. చెక్కది విరిగిపోయింది కాబట్టి లోపలికి దెబ్బ తక్కువే వెళ్లి ఉంటుందని వాదించేవాళ్లూ ఉంటారు. ఈ ఇంట్లో ఆ వాదన రాలేదు. క్రాంక్ షాఫ్ట్ బయటికి తీసి, దానికి అయస్కాంత శక్తి పట్టించి, సన్నటి ఇనప రజను కలిపిన ద్రవం పోసి, చీకట్లో అతినీలలోహిత దీపం కింద చూస్తారట. కంటికి ఆనని పగులున్నా రజను అక్కడ పోగై, గీత మెరుస్తుంది. వాళ్లది నిక్షేపంగా ఉంది.

అసలు దెబ్బ రెక్కలో బయటపడింది. ఆ కాలపు క్యూబు రెక్కలో పొడవునా రెండు చెక్క దూలాలుంటాయి. స్ప్రూస్ అనే మాను. తేలిక, బలం, నార తిన్నగా ఉంటుంది. ముందు దూలం కొస దగ్గర విరిగింది, అది అందరికీ కనబడుతూనే ఉంది. మెకానిక్ గుడ్డంతా ఒలిచేసి, వెనక దూలాన్ని టార్చి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని, వేలితో తడుముతూ వచ్చారు. రెక్క కింది కర్ర బిగించే చోట, దెబ్బ తగిలిన కొసకు ఎంతో దూరంలో, నారకు అడ్డంగా సన్నటి గీత. కొస తగిలినప్పుడు దూలం వంగి, అక్కడ చెక్క నలిగింది. విరిగింది మాత్రమే అతికించి గుడ్డ కప్పేసి ఉంటే, ఆ గీత రెక్క లోపలే ఉండిపోయేది. ఆ రోజు మా ఆడపడుచు భర్త మొట్టమొదటిసారి కొడుకు భుజంమీద చెయ్యి వేశాడట. ఎందుకో చెప్పలేదు, వేశాడంతే.

రెండు దూలాలూ కొత్తవే. వంకరపోయిన అల్యూమినియం పక్కటెముకలు కొన్ని మార్చారు, కొన్ని సరిచేశారు. రెక్క కింది ఉక్కు కర్రలు రెండు వైపులా కొత్తవి వేశారు. పాత పైపర్ విమానాల్లో ఈ కర్రలు లోపల్నుంచి తుప్పు పడతాయి. అందుకే వాటిని వరసగా పరీక్షిస్తుండాలని ఎఫ్‌ఏఏ ఆదేశమే ఉంది. లోపలికి తేమ పోకుండా మూసేసిన రకం వేస్తే ఆ బెడద తగ్గుతుంది. చక్రం బిగించే దగ్గర ఒంగిన ఉక్కు గొట్టం కోసి కొత్తది వెల్డింగ్ చేసి, లోపల తుప్పు పట్టకుండా వేడి అవిసె నూనె పోసి వార్చేశారు. ఇవన్నీ మగవాళ్లు, ముసలాయన చేసుకున్నారు. ఆ మధ్య నేను వాళ్లను చూడ్డానికి వెళ్లేసరికి రెక్క అస్థిపంజరం తయారై, గుడ్డ కోసం ఎదురుచూస్తోంది.

గుడ్డ విమానమా అని ముక్కున వేలేసుకోకు. మన దేశంలోనూ బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేసిన పుష్పక్ విమానం ఉండేది, 1958లో మొదట ఎగిరింది. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దానిమీద నేర్చుకున్నారు. దాని రెక్కలకూ గుడ్డే. వెనకటి రోజుల్లో దిట్టమైన నూలుగుడ్డ వేసేవారు. ఇప్పుడు పాలియెస్టర్. దాన్ని రెక్క చుట్టూ పరిచి, అంచులు జిగురుతో అంటించి, ఇస్త్రీ చేస్తారు. అవును, మనం చీరలు ఇస్త్రీ చేసుకునే పెట్టే! వేడి తగిలితే ఈ గుడ్డ బిగుసుకుంటుంది. మొదట 250 డిగ్రీల ఫారెన్‌హీట్, చివర్న 350. అంతకు మించితే గుడ్డ బిగువు పోగొట్టుకుంటుంది, మళ్లీ రాదు. అందుకని పెట్టెమీదున్న అంకెల్ని నమ్మరు. థర్మామీటరు పెట్టి కొలిచి, ఏ గుర్తు దగ్గర ఎంత వేడో పెట్టెమీదే రాసుకుంటారు. ముందు ముడతలు ముడతలుగా వేలాడిన గుడ్డ ఒక్కొక్క జానా బిగుసుకుంటూ వస్తుంటే, నేను అక్కణ్నుంచి కదల్లేకపోయాను. చివరికి వేలితో కొడితే ఖంగుమంది.

ఆ తర్వాత కుట్లు. జిగురొక్కటే చాలదు. గాల్లో ఉన్నప్పుడు రెక్క పైభాగం గుడ్డను గాలి పైకి లాగుతుంటుంది, కాబట్టి ప్రతి పక్కటెముకకూ గుడ్డను కుట్టెయ్యాలి. జానెడు కన్నా పొడుగు సూది, మైనం పట్టించిన బల్లపరుపు దారం. రెక్కను నిలబెట్టి చట్రానికి బిగిస్తారు. ఇటొకళ్లు, అటొకళ్లు కూర్చోవాలి. ఇటువాళ్లు సూది పక్కటెముక పక్కనుంచి గుచ్చితే అటువాళ్లు అందుకుని లాగి, పక్కటెముకకు రెండోవైపునుంచి తిరిగి పంపాలి. ప్రతి కుట్టుకూ ఒక ముడి. ఆ ముడి ఒకటి తెగినా పక్కది వదులవకూడదు. కుట్టుకూ కుట్టుకూ ఎడం ఎంతుండాలో విమానం వేగాన్ని బట్టి లెక్క ఉంది. ప్రొపెల్లర్ గాలి నేరుగా కొట్టే చోట ఇంకా దగ్గర దగ్గరగా వెయ్యాలి.

మా ఆడపడుచుకు వాళ్లమ్మ, అంటే మా అత్తగారు, చిన్నప్పుడే కుట్టు నేర్పారు. లంగాలు, జాకెట్లు, గలేబులు ఏవైనా కుట్టేది. ముసలాయన రెండు ముడులు వేసి చూపించగానే మూడోది తను వేసింది. ఆయన దాన్ని లాగి చూసి, కత్తిరించకుండా వదిలేశారు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా విమానం మగవాళ్ల వ్యవహారం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలకు రెక్కల గుడ్డ కుట్టింది ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లే అని ముసలాయన చెప్పేదాకా అక్కడెవరికీ ఆ సంగతే తోచలేదట.

అవతలి వైపు కూర్చోవడానికి తను కొడుకును పిలిచింది. "నాకు చెయ్యి సాయం కావాలి, వచ్చి సూది అందుకో" అంది, అంతే. క్షమించానని గానీ, మర్చిపోమని గానీ అనలేదు. వాడొచ్చాడు. బిగించిన గుడ్డకు అటు వాడు, ఇటు తల్లి. ఒకరి మొహం ఒకరికి కనబడదు. సూది వస్తుంది, పోతుంది. రెండో పక్కటెముక మీద ఉండగా వాడు నోరు విప్పాడట. తాడు విప్పి ఉందని తనకు తెలుసనీ, మళ్లీ కట్టడానికి బద్ధకించాననీ, ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదనీ. తాతయ్యకు చెప్పాలంటే భయమనీ. ఇవతల ఈ పిల్ల ముడి వేస్తూనే వింది. "మళ్లీ సూది పంపించు" అంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ మాట వచ్చేది కాదని నాతో చెప్పింది. నేనూ అదే అంటాను. పిల్లలతో కష్టమైన మాటలు మాట్లాడాల్సి వస్తే చేతులకు ఏదో పని ఇవ్వు చెల్లీ. చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమను, బట్టలు మడత పెట్టమను. కళ్లు పనిమీద ఉంటే మాట దానంతటదే వస్తుంది.

ఆ సాయంత్రం వాడు మామగారి దగ్గరికి తనే వెళ్లి చెప్పాడు. ఆయన చాలాసేపు విని, లేచి, అల్మరాలోంచి ఒక కవరు తెచ్చారు. రిపేరు కోసం విమానం పాత రికార్డులన్నీ ఓక్లహామా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ నుంచి తెప్పించారన్నమాట. 1946 నాటి కొనుగోలు కాగితం, తన తండ్రి సంతకంతో సహా అందులో ఉంది. దాని వెనకే ఇంకో కాగితం. 1950ల్లో ఎడమ రెక్క కొస బాగుచేసినట్టు ఒక రిపేరు ఫారం. మామగారికి కూడా ఇదివరకు తెలియని సంగతి. ఎవరు ఎక్కడ ఎలా తగిలించారో అందులో రాసి లేదు, మార్చిన భాగాలు మాత్రం ఉన్నాయి. పెద్దాయన ఏమీ వివరించకుండా దాన్ని మనవడి చేతికిచ్చారు. మా పిల్ల ఈ సంగతి చెప్తూ ఏడ్చేసింది.

ఇంక ఇంటివాళ్ల ఇష్టానికి వదిలిన వాటి సంగతి. ఎడమ రెక్క అడుగున ఎన్‌సీ అని మొదలయ్యే నంబరు పెద్ద పెద్ద నల్లక్షరాలతో ఉంటుంది. 1980ల్లో గుడ్డ మార్చినప్పుడు తాతగారూ మామగారూ కలిసి చేత్తో రాసిన అక్షరాలవి. ఒలిచేటప్పుడు ఆ ముక్క చిరక్కుండా కోసి దాచారు. కొత్త గుడ్డమీద రాయడానికి దాన్ని పరిచి, పైన కాగితం పెట్టి అచ్చుతీశారు. మూడో అక్షరం కొంచెం ఎడమకు ఒరిగి ఉంది. మెకానిక్ సరిచేద్దామా అనడిగితే ఇంటిల్లిపాదీ వద్దన్నారు. సరైన మాట! వెనక సీటు చినిగిన కాన్వాసు మార్చలేదు, అతుకు వేసి ఉంచారు. లేదు, లేదు, అది కూడా మనిషి బరువు మోసేదే కదా, ముసలాయన ఒప్పుకోలేదు. కింద కొత్త కాన్వాసు బిగించి, పాతది పైన ఒక పొరగా కుట్టారు. తీగ, బెండు తీసి చూస్తే బెండుకు పైన పూసిన పూత పెచ్చులూడుతోంది. బెండు కొత్తది వేసి, తీగ పాతదే ఉంచారు. కొత్త బెండు తేలే ఎత్తు కొంచెం తేడా వస్తుంది కాబట్టి, చుక్క ఇప్పుడు ఎంత పెట్రోలుకు గుర్తో కొలిచి చూసుకున్నారు. పాతదానికన్నా కాస్త ముందుగానే ఇంటికి రమ్మంటోందట. అలాగే ఉండనిచ్చారు.

డబ్బు మాట దాచను. ఒక కారు అమ్మారు, ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకున్నారు, పిల్లాడు సెలవుల్లో చేసిన ఉద్యోగం జీతం మొత్తం ప్రొపెల్లర్‌కు ఇచ్చాడు. వద్దన్నా వినలేదు, వాళ్లూ గట్టిగా వద్దనలేదు. అది మంచిదే అయింది.

గుడ్డమీద పూతలు, ఎండ దెబ్బకు గుడ్డ పాడవకుండా వెండి రంగు పొర, ఆ పైన పసుపు. రెక్క బిగించి, కోణాలు సరిచూసి, తూకం వేసి, కాగితాలు రాసి, ముసలాయన లాగ్ బుక్కులో సంతకం పెట్టేసరికి వేసవి వచ్చేసింది. మొదటిసారి ఎగరేసింది ఇంటివాళ్లు కాదు. తోక చక్రం విమానాల్లో చెయ్యి తిరిగిన శిక్షకుణ్ని పిలిచారు. ఎంత బెంగపెట్టుకున్న విమానమైనా, రిపేరయ్యాక మొదటి ప్రయాణం దానిమీద ప్రేమలేని మనిషి చెయ్యాలని ముసలాయన పట్టుబట్టారు. ఏదైనా తేడా అనిపిస్తే అతను వెంటనే దించేస్తాడు, మనవాళ్లయితే సర్దుకుపోతారని ఆయన భయం. తోకకు తాడు కట్టారు, దుంగలు పెట్టారు, శిక్షకుడు లోపల కూర్చున్నాడు, ప్రొపెల్లర్ లాగింది మా మేనల్లుడు. ఎవరూ వాణ్ని లాగమని అడగలేదు, వద్దని ఆపనూ లేదు. ఎగిరొచ్చిన శిక్షకుడు ఎడమ రెక్క కొంచెం బరువుగా తోస్తోందన్నాడు. కర్ర కొసన మరలు తిప్పి సరిచేశారు.

మరుసటేడు జూన్‌లో లాక్ హేవెన్ వెళ్లారు. 1986 నుంచి ఏటా జూన్‌లో అక్కడ పాత క్యూబులన్నీ వచ్చి వాలుతాయి, తాము పుట్టిన ఊరికే. మామగారు వెనక సీట్లో, మనవడు ముందు సీట్లో. మా ఆడపడుచూ ఆమె భర్తా గుడారం, వంట సామాను కార్లో వేసుకుని వెళ్లారు. పక్క విమానాలవాళ్లు వచ్చి కొత్త రెక్కమీద కుట్ల వరసలు వేలితో తడిమి చూసి, ఎవరు వేశారని అడిగారట. మామగారు కోడలివైపు చూపించారు. విమానం అమ్మే మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

కుడి రెక్క గుడ్డ పరీక్షలో నెగ్గింది గానీ, 1980ల్లో వేసిందే. వచ్చే చలికాలం దాన్నీ మార్చేస్తారట. అవతలి వైపు సూది అందుకోవడానికి నేనొస్తానని ఇప్పటికే చెప్పి పెట్టాను. వీసా కాగితాలు ఈ వారమే సర్దుకోవాలి.